రెండు వేళ్లతో మేలుకున్న గిటారు

చేతి పనిని నమ్ముకుని బతికేవాడికి చేయి పోతే బతుకు పోయినంత పని అవుతుంది. మగ్గం ముందు కూర్చునే నేతగాడికైనా, బాడిసె పట్టే వడ్రంగికైనా, డోలు వాయించే కళాకారుడికైనా ఈ మాట ఒకటే. ఫ్రాన్సు దేశపు రాజధాని పారిస్ శివార్లలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడొకడికి 1928లో సరిగ్గా ఇలాంటి ఆపదే వచ్చింది. అతని పేరు జాంగో రైన్‌హార్ట్. వాద్యం వాయించి ఇల్లు నడుపుకునేవాడు. ఒక అర్ధరాత్రి నిప్పు అంటుకుని ఎడమ చేయి కాలింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయి మళ్లీ చాచుకోలేదు. ఇక ఇతడు వాద్యం ముట్టేది లేదని అందరూ తీర్మానించుకున్నారు.

ఏడాదిన్నర మంచం పట్టిన ఆ కుర్రవాడు గిటారు చేతపట్టి లేచాడు. ఆరేళ్లు తిరిగేసరికి జాజ్ సంగీతంలో యూరప్ ఖండమంతటా అతని పేరు మారుమోగింది. పోయిన వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. మిగిలిన రెండు వేళ్లతోనే అతడు కొత్త దారి వేసుకున్నాడు. గిటారు నేర్చుకునేవారు నేటికీ ఆ దారిలో నడుస్తున్నారు.

బండి ఇంటిలో పుట్టిన బిడ్డ

జాంగో 1910 జనవరి 23న బెల్జియం దేశంలోని లిబెర్షీ అనే గ్రామంలో పుట్టాడు. అతనిది రోమా జాతి. ఊరూరా తిరుగుతూ, గుర్రాలు లాగే బండి మీద కట్టిన కొయ్య ఇంటిలోనే వండుకుని, అందులోనే పడుకుని, అందులోనే పిల్లలను పెంచుకునే సంచార జాతి అది. పాట, ఆట, గుర్రాల బేరం, బుట్టల అల్లిక వారి వృత్తులు. తండ్రి వాద్యకారుడు, తల్లి నాట్యకత్తె.

ఈ రోమాల పూర్వులు వందల ఏళ్ల క్రితం ఉత్తర భారతదేశం నుంచి పడమరకు వలసపోయినవారు. వారి భాషే దీనికి సాక్ష్యం. నీళ్లను వారు 'పానీ' అంటారు. ముక్కును 'నాక్' అంటారు. ఒకటి, రెండు, మూడు అనడానికి 'ఏఖ్, దుయ్, త్రిన్' అని లెక్కపెడతారు. మన తండాలలోని లంబాడీల మాట కూడా ఉత్తర భారతపు భాషా కుటుంబానికి చెందినదే కనుక, ఈ అంకెలు వారి చెవికి కొత్తగా తోచవు. ఫ్రాన్సులో తిరిగే రోమా శాఖను 'మనూష్' అని పిలుస్తారు. ఆ మాటకు అర్థం మనిషి అనే. మన 'మనిషి', వారి 'మనూష్' ఒకే వేరునుంచి వచ్చిన మాటలు.

కాగితాలలో బిడ్డ పేరు జాన్. వాడుకలో మాత్రం జాంగో. రోమా భాషలో ఈ మాటకు 'మేలుకున్నాను' అని అర్థం చెబుతారు. శివరాత్రి జాగరణలో ఉన్న 'జాగ' శబ్దం దీనికి చుట్టమే. ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టుకున్నారో గాని, తర్వాతి కథకు ఈ పేరు సరిగ్గా అతికింది.

అతని బాల్యంలోనే కుటుంబం పారిస్ శివార్లకు చేరింది. పాత కోటగోడల వెలుపల పేదలు, బండ్లవారు మకాం వేసుకునే ఖాళీ నేలలు అవి. జాంగో బడికి పోలేదు. చదువు, రాత రాలేదు. పన్నెండేళ్ల వయసులో చేతికొక బాంజో దొరికింది. ఇది గుండ్రని డప్పు వంటి డొక్కకు గిటారు మెడ తగిలించిన తీగల వాద్యం. గురువెవరూ లేరు. చుట్టుపక్కల వాయించేవారి వేళ్లను చూసి నేర్చుకున్నాడు. పదమూడేళ్లు వచ్చేసరికి పారిస్ నృత్యశాలలలో అకార్డియన్ వాద్యకారుల పక్కన కూర్చుని డబ్బులకు వాయించసాగాడు. అకార్డియన్ అంటే మెడకు తగిలించుకుని రెండు చేతులతో వాయించే హార్మోనియం లాంటిది.

1928లో అతని వాద్యం మొదటిసారి గ్రామఫోను రికార్డుకెక్కింది. తన పేరు అక్షరాలలో ఎలా రాయాలో జాంగోకే తెలియదు. అందుచేత రికార్డు మీద 'జియాంగో రెనార్' అని తప్పుగా అచ్చయింది. ఆ సంవత్సరమే ఇంగ్లండులో మంచి పేరున్న బృంద నాయకుడు జాక్ హిల్టన్ ఈ కుర్రవాడి వాద్యం విని, తన బృందంలోకి రమ్మని పిలిచాడు. బండి ఇంట్లో పుట్టినవాడికి పెద్ద వాకిలి తెరుచుకున్నట్లయింది.

పూల మధ్య పడిన వత్తి

ఆ వాకిలి దాటకముందే ప్రమాదం జరిగింది. 1928 నవంబరు మొదటి వారంలో ఒక రాత్రి జాంగో నృత్యశాలలో వాయించి, ఒంటిగంట వేళకు బండి ఇంటికి చేరాడు. బండి నిండా పూలు ఉన్నాయి. అవి తోటలో కోసిన పూలు కావు. అతని భార్య సమాధుల మీద అలంకరించడానికి అమ్మే నిమిత్తం సెల్యులాయిడ్‌తో చేసిన పూలు. పాత రోజుల సినిమా రీళ్లు తయారైన పదార్థం ఇదే. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. సినిమా హాళ్లలో రీలు గదులు తగలబడిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

వెలుగు కోసం పట్టుకున్న కొవ్వొత్తి నుంచి వత్తి జారి ఆ పూలలో పడింది. రెప్పపాటులో బండి అంతా మంట. జాంగో ఒక కంబళిని ఎడమ చేత్తో పట్టుకుని అడ్డుపెట్టుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ ఎలాగో బయటపడ్డారు. ప్రాణాలు దక్కాయి గాని, జాంగో కుడి కాలు, ఎడమ చేయి ఘోరంగా కాలిపోయాయి.

వైద్యులు కాలు తీసివేయాలన్నారు. జాంగో ససేమిరా ఒప్పుకోలేదు. అయినవాళ్లు అతన్ని మరో చోటికి మార్చి వైద్యం చేయించారు. కాలు నిలిచింది. ఏడాది గడిచేసరికి కర్ర ఊతంతో నడవగలిగాడు. చేతి విషయం మాత్రం వేరు. పుండ్లు మానుతున్న కొద్దీ చర్మం, లోపలి నరాలు బిగుసుకుని ఉంగరపు వేలిని, చిటికెన వేలిని అరచేతి వైపు లాగేశాయి. అవి వంకరగానే ఉండిపోయాయి.

తీగల వాద్యం వాయించేవాడికి ఇది ఎంత నష్టమో తెలియాలంటే గిటారు సంగతి కొంచెం తెలియాలి. గిటారుకు ఆరు తీగలు. కుడి చేత్తో బిళ్ల పట్టి తీగను మీటుతారు. ఎడమ చేతి నాలుగు వేళ్లతో మెడ మీది మెట్ల దగ్గర తీగలను నొక్కుతారు. ఏ మెట్టు దగ్గర నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. నాలుగు వేళ్లూ నాలుగు మెట్లను కాచుకుని ఉంటే, చేయి ఎక్కువగా కదలకుండానే స్వరాలన్నీ అందుతాయి. అందులో రెండు వేళ్లు పోయాయంటే నాలుగెడ్ల బండికి రెండెడ్లు పోయినట్లే. అందుకే ఈ కుర్రవాడి వాద్యం అయిపోయిందని అందరూ అనుకున్నారు.

తమ్ముడు తెచ్చిన గిటారు

మంచం మీదున్న జాంగోకు తమ్ముడు జోసెఫ్ ఒక గిటారు తెచ్చి ఇచ్చాడు. జోసెఫ్ కూడా వాద్యకారుడే. ఆనాడు అతను చేసింది చిన్న పనిగానే కనిపించవచ్చు. రోగి పక్కన మందు సీసా పెట్టేవారు ఉంటారు, పండ్లు పెట్టేవారు ఉంటారు. వేళ్లు పోయినవాడి పక్కన వాద్యం పెట్టాలంటే మాత్రం, ఇతడు మళ్లీ వాయిస్తాడన్న నమ్మకం ఉండాలి.

అంతకుముందు జాంగో ఎక్కువగా వాయించింది బాంజో. మంటల తర్వాత చేతికి వచ్చింది గిటారు. పాత వాద్యం మీద పాత పద్ధతిలో వాయించబోతే, లేని వేళ్లు అడుగడుగునా గుర్తుకు వచ్చేవేమో. జాంగో పాతది తిరగదోడలేదు. ఉన్న వేళ్లేమిటి, వాటితో ఏమి అవుతుంది అన్న లెక్కతో మొదటి నుంచి మొదలుపెట్టాడు. మంచం మీదే నెలల తరబడి సాధన చేశాడు. మొత్తం ఏడాదిన్నర కాలం అతడు కచేరీలకు దూరంగా ఉన్నాడు.

ఆ సాధనలో తేలిన పద్ధతి ఇది. స్వరాలు పరుగెత్తించడానికి చూపుడు వేలు, నడిమి వేలు రెండే వాడాడు. నాలుగు వేళ్లున్నవారు ఒకే చోట చేయి నిలిపి, ఒక తీగ నుంచి మరో తీగకు అడ్డంగా వెళతారు. జాంగో చేయి మాత్రం తీగ పొడుగునా పైకీ కిందికీ పరుగెత్తింది. చేలో ఒకడు కూర్చున్న చోటనే కూర్చుని చేయి చాచినంత మేర కోస్తాడు. మరొకడు చాలు వెంట నడుస్తూ కోస్తాడు. చేయి అందనివాడు నడవక తప్పదు. అలా నడవడమే జాంగో వాద్యానికి అందమైంది. పక్కపక్క మెట్ల మీదుగా వేలు జారుస్తూ ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఊపిరి తిప్పుకోకుండా వెళ్లడం, తీగను పక్కకు లాగి స్వరాన్ని వణికించడం అతని ప్రత్యేకతలు.

వంకర పోయిన వేళ్లను కూడా ఊరికే వదలలేదు. అనేక తీగలు ఒక్కసారిగా పలికించవలసినప్పుడు, వంగినవి వంగినట్లే ఉంచి, అంచున ఉన్న రెండు సన్న తీగల మీద ఆనించేవాడు. అవసరమైతే బొటనవేలిని మెడ వెనక నుంచి పైకి తెచ్చి లావు తీగను నొక్కేవాడు. 1938 ప్రాంతంలో తీసిన 'జాజ్ హాట్' అనే చిన్న చిత్రంలో అతని ఎడమ చేయి పనిచేసే తీరు కనిపిస్తుంది. రెండు వేళ్లు తీగల మీద మెరుపుల్లా కదులుతుంటే, మిగిలిన రెండూ వంగి పక్కన ఉంటాయి.

వీణ ఎరిగిన దారి

ఈ సంగతి వినగానే మన ప్రాంతంలో వీణ ఎరిగినవారికి ఒక మాట తోచక మానదు. బొబ్బిలి వీణ అయినా, నూజివీడు వీణ అయినా, మెట్ల మీద తీగను నొక్కేది ప్రధానంగా ఎడమ చేతి చూపుడు వేలు, నడిమి వేలే. ఆ రెండు వేళ్లూ తీగ పొడుగునా ప్రయాణం చేస్తాయి. తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాయి. వైణికులు తరతరాలుగా రెండు వేళ్లతోనే రాగం మొత్తాన్ని పలికిస్తున్నారు.

జాంగో వీణ నేర్చుకున్నవాడు కాడు. గిటారు వేరు, వీణ వేరు. అయినా అవసరం తరుముకు వచ్చినప్పుడు అతని చేయి వెతుక్కున్న దారి, మన వైణికుల చేతులకు చిరకాలంగా అలవాటైన దారికి దగ్గరగా వచ్చింది. గిటారు వారికి లోపంగా కనిపించినది మరో వాద్యంలో సంప్రదాయమే. పని జరగడానికి ఒకే పద్ధతి ఉంటుందని అనుకోవడం పొరపాటనడానికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

జాజ్ అంటే ఏమిటి

జాజ్ సంగీతం అమెరికాలోని నల్లజాతివారి నుంచి పుట్టింది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో న్యూ ఆర్లియన్స్ నగరంలో రూపుదిద్దుకుంది. బానిసలుగా బతికినవారి సంతానం తమ పాటకూ, తెల్లవారి బాండు మేళానికీ ముడివేసి తయారుచేసిన సంగీతం అది. ఇందులో పాట చట్రం అందరికీ తెలిసి ఉంటుంది. ఆ చట్రం లోపల వాద్యకారుడు అప్పటికప్పుడు తోచినట్లు కొత్త సంగతులు అల్లుతాడు. మన భజన గోష్ఠిలో పల్లవి అందరూ పట్టుకుని ఉండగా ఒక గాయకుడు సంగతి మీద సంగతి వేసుకుంటూ పోవడం లాంటిదే. కర్ణాటక సంగీతంలో దీనిని మనోధర్మం అంటారు.

జాంగో కోలుకుని మళ్లీ తిరగసాగిన రోజులలో, 1931 ప్రాంతంలో ఫ్రాన్సు దక్షిణ తీరంలోని తూలోన్ పట్టణానికి చేరాడు. అక్కడ ఎమిల్ సావిత్రీ అనే చిత్రకారుని ఇంటిలో అమెరికన్ జాజ్ రికార్డులు విన్నాడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదిన బాకా అతన్ని కట్టిపడేసింది. చదువు లేని జాంగోకు, పుస్తకంలో రాసిన స్వరాలతో పని లేకుండా మనసులో తోచినది వాయించే ఈ సంగీతం సొంత ఇల్లులా తోచింది.

తీగలే మేళంగా

1934లో పారిస్‌లోని క్లారిడ్జ్ హోటలులో సాయంత్రం వేళ నృత్యానికి వాయించే బృందంలో జాంగోతో పాటు స్తెఫాన్ గ్రాపెల్లీ అనే వయొలిన్ వాద్యకారుడు ఉండేవాడు. ఒకరోజు విరామంలో గ్రాపెల్లీ వయొలిన్‌కు తీగ మార్చుకుని, శ్రుతి చూసుకోవడానికి ఏదో ఒక ముక్క వాయించాడనీ, పక్కనున్న జాంగో దాన్ని అందుకున్నాడనీ చెబుతారు. అది ఇద్దరికీ నచ్చింది. మర్నాడు మళ్లీ కూర్చున్నారు. తమ్ముడు జోసెఫ్ ఒక గిటారు పట్టుకుని వచ్చి చేరాడు. ఇంకొక గిటారు, ఒక పెద్ద బాస్ వయొలిన్ కలిశాయి. మొత్తం అయిదుగురు. డోలు లేదు, బాకా లేదు. అన్నీ తీగల వాద్యాలే. పారిస్‌లో జాజ్ అభిమానులు పెట్టుకున్న 'హాట్ క్లబ్' సంఘం వీరిని చేరదీసింది. 1934 డిసెంబరులో వీరు తొలి రికార్డులు చేశారు.

అంతవరకు జాజ్ మేళంలో గిటారు వెనక కూర్చుని తాళం వేసే వాద్యంగానే ఎక్కువగా ఉండేది. జాంగో దాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టాడు. 1937లో రికార్డు చేసిన 'మైనర్ స్వింగ్' అతని బాణీలలో పేరెన్నిక గన్నది. నేటికీ గిటారు నేర్చుకునేవారు దానితోనే ఈ పద్ధతి మొదలుపెడుతుంటారు. అమెరికా నుంచి వచ్చిన జాజ్ విద్వాంసులు పారిస్‌లో దిగితే జాంగోతో కలసి వాయించాలని ఉబలాటపడేవారు. అమెరికాలో పుట్టిన సంగీతంలో యూరప్ వాడొకడు ఇంత ఎత్తుకు ఎదగడం అదే మొదలు.

చదువు రాని కొరత అతన్ని జీవితాంతం వెన్నాడింది. స్వరాలు కాగితం మీద పెట్టడం చేతనయ్యేది కాదు. బాణీ గిటారు మీద వాయించి వినిపిస్తే మరొకరు రాసుకునేవారు. సంతకం పెట్టడం గ్రాపెల్లీ నేర్పాడు.

యుద్ధం నీడలో

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బృందం లండన్‌లో ఉంది. గ్రాపెల్లీ అక్కడే ఉండిపోయాడు. జాంగో ఫ్రాన్సుకు తిరిగి వచ్చాడు. 1940లో హిట్లర్ సేనలు పారిస్‌ను ఆక్రమించుకున్నాయి. నాజీలు యూదులతో పాటు రోమాలను కూడా పట్టుకుని నిర్బంధ శిబిరాలకు తరలించారు. లక్షల సంఖ్యలో రోమాలు హతమయ్యారు. పుట్టుకచేత రోమా, వృత్తిచేత నాజీలకు గిట్టని నల్లవారి సంగీతం వాయించేవాడు జాంగో. అలాంటివాడు ఆ కాలంలో ప్రాణాలతో మిగలడమే అరుదు.

అతడు పారిస్‌లో వాయిస్తూనే ఉన్నాడు. గ్రాపెల్లీ లేని లోటును క్లారినెట్‌తో పూడ్చుకున్నాడు. 1940లో 'నువాజ్' అనే బాణీ కట్టాడు. ఆ మాటకు మబ్బులు అని అర్థం. పరాయి పాలనలో మగ్గుతున్న ఫ్రాన్సు ప్రజల గుండెకు ఆ విషాద స్వరం హత్తుకుంది. 1943లో ప్రమాదం దగ్గర పడుతున్నదని గ్రహించి స్విట్జర్లాండ్‌కు పారిపోబోయి సరిహద్దు దగ్గర పట్టుబడ్డాడు. విడిచిపెట్టారు. మళ్లీ ప్రయత్నిస్తే స్విస్ కావలివారు వెనక్కి పంపారు. యుద్ధం ముగిసేవరకు ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకునే గడిపాడు.

1946లో లండన్‌లో గ్రాపెల్లీని మళ్లీ కలిశాడు. ఆ సంవత్సరమే అమెరికా జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ ఆహ్వానం మీద అక్కడికి వెళ్లి, న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో వాయించాడు. జీవితం చివర సీన్ నది ఒడ్డున సామోవా అనే చిన్న ఊరిలో ఉంటూ చేపలు పట్టుకుంటూ, బొమ్మలు వేసుకుంటూ, అప్పుడప్పుడు పారిస్ వెళ్లి వాయిస్తూ కాలం గడిపాడు. 1953 మే 16న మెదడులో రక్తస్రావమై ఆ ఊరిలోనే కుప్పకూలి కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు 43 ఏళ్లు. 1964లో అతని గిటారును భార్య పారిస్ సంగీత కళాశాల మ్యూజియానికి ఇచ్చింది.

రికార్డు లేపిన మరొక చేయి

జాంగో పోయిన పన్నెండేళ్లకు అతని రికార్డు ఒకటి మరో కుర్రవాడిని లేపింది. 1965లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల యువకుడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గిటారే వృత్తిగా పెట్టుకోదలచి కొలువు మానుకునే చివరి రోజున, యంత్రంలో చేయి పడి కుడి చేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతడు ఎడమచేతివాటం వాడు కనుక తీగలు నొక్కే చేయి కుడిదే. కుమిలిపోతున్న అతని దగ్గరకు ఫ్యాక్టరీ పెద్ద ఒకడు వచ్చి, జాంగో రికార్డు పెట్టి వినిపించాడు. ఇది రెండు వేళ్లతో వాయించినదని చెప్పాడు. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. వాటి మీద తోలు ముక్కలు అంటించుకున్నాడు. నొక్కడానికి సులువుగా ఉండే పలుచని తీగలు బిగించుకున్నాడు. 1968లో ఆరంభమైన అతని బృందం 'బ్లాక్ సబ్బత్' పేరుతో లోకప్రసిద్ధమైంది. అది జాజ్ కాదు, హోరెత్తించే మరో రకం సంగీతం. ధైర్యం వచ్చింది మాత్రం జాజ్ వాద్యకారుడి నుంచే.

అమెరికాలో లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుడికి జాంగో వాద్యమంటే ప్రాణం. 1948 జనవరిలో అతని కారు మంచు పట్టిన దారిలో జారిపడి కుడి మోచేయి నుగ్గయింది. ఆ కీలు మళ్లీ వంగదని తేలింది. ఎలాగూ ఒకే భంగిమలో నిలిచిపోయేటప్పుడు, గిటారును పట్టుకుని మీటడానికి వీలైన వంపులోనే చేయి అతికించమని అతడు వైద్యులను కోరాడు. వారు అలాగే చేశారు. కోలుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. తర్వాత అరవై ఏళ్లకు పైగా బతికి, 94 ఏళ్ల వయసులో 2009లో మరణించే కాలం వరకు వాయిస్తూనే ఉన్నాడు.

ఈ ముగ్గురిలో ఒక్కరికి కూడా పోయిన అవయవం మునుపటిలా తిరిగి రాలేదు. జాంగో వేళ్లు చాచుకోలేదు. అయోమీకి వేలికొనలు మొలవలేదు. లెస్ పాల్ మోచేయి వంగలేదు. మునుపటిలా అవుతుందేమోనని ఎదురుచూస్తూ కూర్చోకుండా, మిగిలినదానితో ఏమి చేయవచ్చునో చూసుకున్నారు. వారు తిరిగి లేవడంలో ఉన్న కిటుకు అదే.

కాలిన చేతికి కావలసిన జాగ్రత్త

జాంగో కాలంలో లేని వైద్య జ్ఞానం ఈనాడు ఉన్నది. కాలిన వెంటనే ఆ చోట మంచుగడ్డ కాక, మామూలు చల్లని నీటి ధార 20 నిమిషాల పాటు పడనివ్వాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసివేయాలి. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. సిరా, పళ్లపొడి, పేస్టు, పేడ, మట్టి వంటివి పూయరాదు. వాటివల్ల పుండు చీము పడుతుంది.

ఇంకొక ముఖ్య విషయం చాలామంది మరిచిపోతున్నారు. పుండు మానడంతో పని అయిపోదు. మానుతున్న చర్మం ముడుచుకుంటూ వేలిని, మోచేతిని, మెడను లాగివేస్తుంది. అందుకే చేయి కాలినవారికి వైద్యులు తొలి రోజుల నుంచే వేళ్లు చాచి ఉండేలా బద్దలు కడతారు. నొప్పి ఉన్నా రోజూ వ్యాయామం చేయిస్తారు. నొప్పికి భయపడి బిడ్డ చేయి ముడుచుకుని పడుకుంటే పోనీలే అని వదిలివేస్తే, ఆ వేలు అలాగే బిగుసుకుపోవచ్చు. అప్పటికే బిగుసుకున్న వేళ్లను కూడా శస్త్రచికిత్సతో చాలావరకు సరిచేసే అవకాశం ఉన్నది. కట్టు విప్పగానే ఆసుపత్రికి వెళ్లడం మానుకోవడం మంచిది కాదు.

జాంగోకు ఆ వైద్యం దొరకలేదు. దొరికినవి తమ్ముడు తెచ్చిన గిటారు, ఏడాదిన్నర పాటు కూడు, నీళ్లు అందించిన అయినవారు, కాలు తీయనివ్వని సొంత మొండితనం. ఫ్రాన్సులో అతని జాతి పిల్లలు నేటికీ తండ్రుల పక్కన, అన్నల పక్కన కూర్చుని అతని బాణీలు నేర్చుకుంటున్నారు. దేశదేశాలలో ఈ పద్ధతి నేర్చుకునే యువకులు కొందరు, జాంగో పలికించిన స్వరం అచ్చంగా అలాగే పలకాలని, నాలుగు వేళ్లూ చక్కగా ఉండి కూడా రెండింటిని పక్కన పెట్టి, చూపుడు వేలు, నడిమి వేలితోనే సాధన చేస్తుంటారు.